ఊపిరి మీద ధ్యాసా? డ్యూటీ చార్టు మీద ధ్యాసా?

"శనివారం షిఫ్టు ముగిశాక అరగంట మైండ్‌ఫుల్‌నెస్ క్లాసు. అందరూ తప్పనిసరిగా రావాలి. హాజరు సూపర్‌వైజర్ల బాధ్యత."

పెనుకొండ దగ్గర ఒక కారు విడిభాగాల ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజరుగా పనిచేస్తున్న తమ్ముడి ఫోనుకు ఈ సందేశం వచ్చింది. ఆదివారం పొద్దున అనంతపురంలో అక్క ఇంట్లో ఉగ్గాని తింటూ దాన్ని ఆమెకు చూపించాడు. ఆమె చదివి "మంచిదే కదప్పా" అంది. ఆ మాటతో మొదలైన వాదన మధ్యాహ్నం సంగటి వేళ దాకా నడిచింది.

అక్క ప్రభుత్వాసుపత్రిలో ఇరవై ఏళ్లుగా స్టాఫ్ నర్సు. వీళ్ల తండ్రి కళ్యాణదుర్గం వైపు మెట్ట రైతు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నికరంగా పడని ఈ పీఠభూమిలో గుండెదడ కొత్తగా వచ్చిన జబ్బేమీ కాదు. శనక్కాయ విత్తడానికి ఒక పదును కావాలి, ఊడలు దిగే వేళకు ఇంకో పదును కావాలి. ఆ రెండు వానల మధ్య రైతుకు నిద్ర పట్టదు. ఆ రైతుల పిల్లలు ఇప్పుడు వేరే పనుల్లో ఉన్నారు. ఏటా మూడు లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యంతో కియా ఫ్యాక్టరీ 2019 డిసెంబరులో పెనుకొండ పక్కన ఎర్రమంచి దగ్గర లాంఛనంగా ప్రారంభమైంది. దాని వెంట విడిభాగాల కంపెనీలూ వచ్చాయి. కొందరు షిఫ్టుల్లో చేరారు, కొందరు నర్సింగ్ చదివారు, కొందరు బెంగళూరు ఆఫీసులకు వెళ్లారు. వాన కోసం పడిన ఆందోళన స్థానంలో టార్గెట్ కోసం, రోస్టర్ కోసం పడే ఆందోళన వచ్చింది.

"మంచిదెట్లయితాదక్కా?" అన్నాడు తమ్ముడు. "ఎనిమిది గంటలు నిలబడినోళ్లను ఇంకో అరగంట కూర్చోబెట్టి కండ్లు మూసుకోమంటాండారు. కంపెనీ బస్సు పోతే ఊరికి ఆటో కూడా దొరకదు. లైన్ మీద మనిషి ఒంటేలుకు పోవాలంటే వాని జాగాలో నిలబడేదానికి రిలీవరు ల్యాక తంటాలు పడతాండాం. మాకు కావాల్సింది రిలీవరు. వాళ్లు ఇచ్చేది ధ్యానం."

"క్లాసు పెట్టిన తీరు బాగాలేదు, ఒప్పుకుంటా. అంతమాత్రాన ఆ విద్యే పనికిరాదంటే ఒప్పుకోను. అది నన్ను కాపాడింది."

అక్క చెప్పింది 2021 మే నెల సంగతి. కోవిడ్ రెండో అల నాటి ఆక్సిజన్ వార్డు. ఇంటికొచ్చి పడుకున్నా మానిటరు మోత చెవుల్లోనే ఉండేది. వేసిన డోసు సరిగ్గా వేశానా అని బస్సులో సగం దూరం వచ్చాక మళ్లీ వార్డుకు ఫోన్ చేసేది. డ్యూటీకి బయల్దేరే ముందు కడుపులో తిప్పేది. అప్పుడు ఒక సీనియర్ సిస్టర్ ఆమెకు ఒక చిన్న పని అప్పగించింది. వార్డు తలుపు తీసే ముందు ఆగాలి. రెండు పాదాలు నేల మీద ఆనిన సంగతి గమనించాలి. మూడు ఊపిరులు, లోపలికి పోయేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ, పూర్తిగా చూడాలి. మనసులో ఏముందో దానికి పేరు పెట్టాలి: ఇది భయం, ఇది అలసట, ఇది నిన్న పోయిన పేషెంటు మీద దిగులు. తర్వాత తలుపు తీయాలి. ఆ చిన్న పనితో మొదలై, ఇంట్లో పొద్దున్నే ఇరవై నిమిషాలు కూర్చునే అలవాటు దాకా వెళ్లింది.

"భయం పోలేదప్పా. భయం వచ్చిందని తెలియడం మొదలైంది. అంతకుముందు అది వచ్చింది కూడా తెలిసేది కాదు, అదే నన్ను నడిపించేది."

ఆమె చెప్పినదానికి వైద్యం ఇచ్చే వివరణ ఉంది. ఆందోళన పెరగడానికి ప్రమాదం ఎదురుగా ఉండనక్కర్లేదు. "ఏమన్నా అయితే" అన్న ఆలోచన చాలు, గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి. ఆ బిగువును చూసి మనసు మళ్లీ బెదురుతుంది. మనిషి తప్పించుకోవాలని చూస్తాడు. తప్పించుకున్న ప్రతిసారీ భయం ఇంకాస్త బలపడుతుంది. మైండ్‌ఫుల్‌నెస్ సాధనలో ఆలోచనను తోసేయరు, దాని వెంట పోరు. వచ్చింది, ఉంది, పోతోంది అని చూస్తారు. ధ్యాస జారితే మళ్లీ ఊపిరి మీదికి తెస్తారు. వందసార్లు జారితే వందసార్లు తెస్తారు. అలా తెచ్చుకోవడమే అసలు సాధన.

"నీకు పనిచేసింది, సంతోషం. అందరికీ పనిచేస్తాదని ఎవరు చెప్పినారు?" అని తమ్ముడు అడిగాడు.

అక్క దగ్గర జవాబు ఉంది. అమెరికాలో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ వైద్యురాలు ఎలిజబెత్ హోగ్ బృందం చేసిన ప్రయోగ ఫలితాలు 2022 నవంబరులో జామా సైకియాట్రీ పత్రికలో వచ్చాయి. ఆందోళన రుగ్మత ఉన్నట్టు నిర్ధారణ అయిన 276 మందిని చీటీలు వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఎస్కిటలోప్రామ్ మాత్ర, డాక్టర్లు ఆందోళనకు మామూలుగా రాసేదే. రెండో గుంపుకు ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ. చివర్లో చూస్తే రెండు గుంపుల్లోనూ జబ్బు తీవ్రత దాదాపు ఒకేలా తగ్గింది. మాత్ర వేసుకున్నవారిలో 78 శాతానికి పైగా ఏదో ఒక ఇబ్బంది చెప్పుకున్నారు, సాధన చేసినవారిలో 15 శాతం.

తమ్ముడు ఫోనులో ఆ వివరాలు వెతికి చదివాడు. వాదనలో అతనికి బలం దొరికింది కూడా అక్కడే. "అక్కా, ఇది చూడు. వారానికి రెండున్నర గంటల క్లాసు. మధ్యలో ఒక సెలవుదినం మొత్తం సాధన. ఇంట్లో రోజూ 45 నిమిషాలు. మా కంపెనీ ఇస్తాండేది ఒక శనివారం అరగంట. పది రోజుల యాంటీబయాటిక్ రాసి ఒక్క మాత్ర చేతిలో పెడితే నువ్వు ఊరుకుంటావా? పైగా మా లైన్‌లో పనిచేసే ఆడపిల్లకు ఇంట్లో 45 నిమిషాలు ఎవరిస్తారు? పొద్దున ఐదింటికి లేసి నీళ్లు పట్టి, వంట చేసి, బిడ్డను రెడీ చేసి, బస్సెక్కుతాది."

అక్క కాదనలేదు. 2014లో జామా ఇంటర్నల్ మెడిసిన్‌లో వచ్చిన సమీక్ష 47 ప్రయోగాలను, 3,515 మందిని పరిశీలించి, ఆందోళన తగ్గించడంలో ఇలాంటి ధ్యానానికి ఒక మోస్తరు ఆధారం ఉందని మాత్రమే తేల్చింది. మహత్తుందని అందులో ఎవరూ అనలేదు. "మోస్తరుదైనా మేలు మేలే కదా. నడుం నొప్పికి నేను చేసే వ్యాయామం కూడా మోస్తరుగానే పనిచేస్తాది. మానేస్తానా?"

ఈ విద్య ఆఫీసులోకి కంపెనీల వాళ్లతోనే వచ్చిందని తమ్ముడి అనుమానం. అక్క ఆ చరిత్ర చెప్పింది. ఊ బా ఖిన్ స్వతంత్ర బర్మాకు మొదటి అకౌంటెంట్ జనరల్. లెక్కల శాఖ అంతా ఆయన నెత్తిన ఉండేది, కొన్నాళ్లు ఒకటికి మించిన శాఖలు ఒకేసారి చూశాడు. ఆ పనిలో ఉంటూనే తన ఆఫీసు సిబ్బందికి విపశ్యన ధ్యానం నేర్పాడు. 1952లో రంగూన్‌లో ధ్యాన కేంద్రం పెట్టాడు. 1955లో తీవ్రమైన మైగ్రేన్‌తో ఆయన దగ్గరికి వచ్చిన వ్యాపారి ఎస్.ఎన్. గోయెంకా. 1969లో గోయెంకా భారత్‌కు వచ్చి శిబిరాలు మొదలుపెట్టాడు. 1976లో హైదరాబాద్‌లో ధమ్మఖేత్త కేంద్రం ఏర్పడింది. అంటే తెలుగు నేల మీద ఈ సాధనకు యాభై ఏళ్ల చరిత్ర ఉంది. పది రోజుల శిబిరానికి రుసుము తీసుకోరు.

"ఊ బా ఖిన్ పెద్ద ఆఫీసరు. ఎప్పుడు కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో ఆయన చేతిలోనే ఉండె. మా లైన్ మీద ఆ స్వాతంత్ర్యం ఎవరికుంది?" అని తమ్ముడు ఎదురడిగాడు. "పక్కన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి జీవితమంతా చెప్పిందేంది? పద్ధతి పెట్టి, గురువును పెట్టి చేయించేది ధ్యానం కాదనే కదా? ఇక్కడ పద్ధతీ గురువూ సరిపోలేదని హాజరు పట్టీ కూడా పెడతాండారు!"

ఆ మాటకు అక్క నవ్వలేదు. హాజరు పట్టీ సంగతి ఆమెకూ నచ్చలేదు. బలవంతంగా కళ్లు మూయించడంలో వైద్యపరమైన ప్రమాదం కూడా ఉందని ఆమెకు తెలుసు. మిగెల్ ఫారియాస్ బృందం 2020లో 83 అధ్యయనాలను సమీక్షించి, ధ్యానం చేసినవారిలో దాదాపు 8 శాతం మందికి ఏదో ఒక చెడు అనుభవం, ఎక్కువగా ఆందోళన, దిగులు, కలిగినట్టు చెప్పింది. అక్క తన వార్డులో జూనియర్లకు నేర్పేటప్పుడు ఒక పిల్లకు ఊపిరి మీద ధ్యాస పెట్టగానే ఊపిరి ఆడనట్టయింది. ఆ పిల్లకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉంది. అప్పటి నుంచి అక్క ఎవరినీ కళ్లు మూసుకోమనదు, ఊపిరినే చూడమనదు. పాదాల స్పర్శ, చేతిలోని నీళ్ల సీసా చల్లదనం, దూరం నుంచి వచ్చే చప్పుడు, ఏది ఇబ్బంది లేకుంటే దాన్ని గమనించమంటుంది. దిగులు వారాల తరబడి వదలకపోతే సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతుంది.

తమ్ముడు అసలు ప్రశ్న అప్పుడు అడిగాడు. "నీ వార్డులో రాత్రి డ్యూటీకి పేషెంట్లు ఎందరు, స్టాఫ్ ఎందరు?"

"ఒక్కోసారి నలభై మందికి ఇద్దరం."

"రూల్ ఏముంది?"

కేంద్ర ప్రభుత్వ స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ పెట్టిన కొలత ప్రకారం సాధారణ వార్డులో ఆరు మంచాలకు ఒక నర్సు, ఐసీయూలో మంచానికొకరు. ఈ కొలత తప్పితే ఏమవుతుందో లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల్లో లెక్కగట్టి 2002లో ప్రచురించింది. నర్సుకు ఒక్కో పేషెంటు అదనంగా పెరిగేకొద్దీ ముప్ఫై రోజుల్లో పేషెంట్లు చనిపోయే అవకాశం 7 శాతం పెరిగింది. నర్సు పూర్తిగా అలసి విసిగిపోయే అవకాశం 23 శాతం పెరిగింది. కాలిఫోర్నియా ఇలాంటి నిష్పత్తికి 1999లోనే చట్టం చేసి 2004 నుంచి అమలు చేసింది.

"చూస్తివా అక్కా? నీ భయానికి మందు నీ ముక్కు దగ్గర వెతుకుతాండావు. అది సూపరింటెండెంట్ గోడ మీది డ్యూటీ చార్టులో ఉంది. నువ్వు బాగా ఊపిరి పీల్చుకుని నలభై మందిని మోస్తాంటే, మూడో నర్సును ఎందుకేస్తారు? నీ ఓర్పే వాళ్లకు సాకు."

చాలాసేపటికి అక్క జవాబు చెప్పింది. "అది నిజమేనప్పా. కానీ మూడో నర్సు వచ్చేదాకా ఆ రాత్రి డ్యూటీ నేను చేయాల్సిందే కదా. ఆ రాత్రి నా చెయ్యి వణికితే నష్టం సూపరింటెండెంటుకు కాదు, మంచం మీది మనిషికి."

ఈ ఇద్దరి తగవులో ఉన్న రెండు ఆలోచనలూ ఇప్పటి రూపంలో ఒకే ఏడాది ముందుకొచ్చాయి. 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో జాన్ కబట్-జిన్ దీర్ఘకాలపు నొప్పులతో బాధపడేవారి కోసం ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ మొదలుపెట్టాడు. డాక్టర్లు ఇక చేసేదేమీ లేదన్న రోగులను ఆసుపత్రి బేస్‌మెంట్‌లో కూర్చోబెట్టి నేర్పిన చదువు అది. అదే ఏడాది రాబర్ట్ కరసెక్ అనే పరిశోధకుడు అమెరికా, స్వీడన్ ఉద్యోగుల సమాచారం చూసి ఒక విషయం తేల్చాడు. పని ఎక్కువ ఉండటమొక్కటే మనిషిని కుంగదీయదు. పని ఎక్కువ ఉండి, దాన్ని ఎలా చేయాలో నిర్ణయించే హక్కు తక్కువ ఉన్నచోట కుంగుబాటు ఎక్కువ. కంపెనీలు ఈ రెండింటిలో మొదటిదాన్ని చప్పున అందుకున్నాయి. రెండోదాన్ని అమలు చేయాలంటే లైన్ వేగం తగ్గించాలి, మనుషుల్ని పెంచాలి, వర్కరు మాట వినాలి. అందుకు ఖర్చవుతుంది.

2024లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ బ్రిటన్‌లోని 233 సంస్థల్లో 46,336 మంది ఉద్యోగుల సమాచారం పరిశీలించాడు. ధ్యానం యాప్‌లు, ఓర్పు పెంచే క్లాసుల్లో పాల్గొన్నవారికీ పాల్గొననివారికీ మానసిక ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తమ్ముడు ఇది చదివి వినిపించినప్పుడు అక్క ఒక లోపం పట్టుకుంది. అది ఒకే సమయంలో తీసిన లెక్క. ఒత్తిడి ఎక్కువ ఉన్నవాళ్లే క్లాసులకు ఎక్కువగా పోతారు కాబట్టి మేలు జరిగినా లెక్కలో కనిపించకపోవచ్చు. తమ్ముడు ఆలోచించి, ఆ మాట సగం ఒప్పుకున్నాడు. "సరే, క్లాసు దండగ అనను. కానీ దాన్ని చూపించి చేతులు దులుపుకోనియ్యను. రోజుకు తొమ్మిది గంటలున్న పనిని పది గంటలు చేయాలని 2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం తీర్మానించింది. ఓవర్‌టైమ్ మూడు నెలలకు 75 గంటలుండేది 144 చేయాలన్నారు. ఒక చేత్తో గంటలు పెంచి, ఇంకో చేత్తో ధ్యానం ఇస్తే ఎట్ల?"

తండ్రి ప్రస్తావన సహజంగానే వచ్చింది. బోరు ఎండిపోయి, అప్పు తలకు మించిన ఏళ్లలో ఆయన రాత్రిళ్లు ఇంటి ముందు తిరుగుతూ ఉండేవాడు. అనంతపురం రైతుల చావులు రాష్ట్రాన్ని కదిలించిన కాలం అది. 2004లో ప్రభుత్వం జయతీ ఘోష్ అధ్యక్షతన రైతు సంక్షేమ కమిషన్ వేసింది. ఆ కమిషన్ రైతుల మనోధైర్యం మీద నెపం పెట్టలేదు. సంస్థాగత రుణం అందకపోవడం, సాగునీరు లేకపోవడం, ప్రభుత్వ విధానాలు కారణమని చెప్పింది. "నాయనకు అప్పుడు ఎవరైనా వచ్చి ఊపిరి చూసుకోమంటే నువ్వు ఊరుకుంటుంటివా?" అన్నాడు తమ్ముడు.

"ఊరుకోను. కానీ ఆయనతో కూర్చుని మాట్లాడే డాక్టరు కళ్యాణదుర్గంలో ఉండుంటే కాళ్లు మొక్కుతుంటి. మనకు అదీ లేదు, ఇదీ లేదు."

అలాంటి డాక్టరు పల్లెకు రావచ్చనడానికి పక్క జిల్లాలోనే సాక్ష్యం ఉంది. బెంగళూరు నిమ్‌హాన్స్ 1980లలో బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, మానసిక వైద్యాన్ని పల్లెలకు తీసుకెళ్లింది. ఆ నమూనా మీదనే 1996లో కేంద్రం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. తొలి విడత నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కరువు సీమలో మనసు గురించి మాట్లాడటం విలాసమేమీ కాదని నలభై ఏళ్ల కిందటే బళ్లారిలో రుజువైంది.

మధ్యాహ్నానికి ఇద్దరూ కలిసి ఫ్యాక్టరీ హెచ్‌ఆర్‌కు పంపాల్సిన జవాబు రాశారు. క్లాసు షిఫ్టు గంటల్లోపలే, జీతం కోయకుండా పెట్టాలి. ఇష్టమున్నవాళ్లే రావాలి, హాజరు పట్టీ ఉండకూడదు. ప్రతి లైనుకూ ఒక రిలీవరును వేయాలి. నెలకోసారి లైన్ వేగం గురించి వర్కర్లతో కూర్చుని మాట్లాడాలి. అక్క ఇంకో మాట చేర్పించింది: పెడితే ఎనిమిది వారాలు పెట్టండి, శిక్షణ పొందినవారితో పెట్టండి. తమ్ముడు అందుకు బదులుగా అక్క నుంచి ఒక మాట తీసుకున్నాడు. రాత్రి డ్యూటీల్లో ఎందరు పేషెంట్లకు ఎందరు స్టాఫ్ ఉన్నారో రోజువారీగా రాసి, నర్సుల సంఘం తరఫున సూపరింటెండెంటుకు ఇవ్వాలి. ఆమె సరేనంది.

ఈ తగవులో తీర్పు చెప్పాల్సి వస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పని ప్రదేశాల మానసిక ఆరోగ్యం మీద ఇచ్చిన మార్గదర్శకాలు ఆ పని ముందే చేశాయి. పనిభారం, గంటలు, నిర్ణయాల్లో ఉద్యోగి పాత్ర వంటివి సంస్థలు సరిచేయాలని అవి చెప్పాయి. మేనేజర్లకు శిక్షణ ఇవ్వాలన్నాయి. మైండ్‌ఫుల్‌నెస్ వంటి నైపుణ్యాలను ఉద్యోగులకు నేర్పవచ్చని కూడా అన్నాయి. ఈ మూడింట్లో ఆఖరిదాన్ని మాత్రమే తీసుకుని మిగతా రెండూ వదిలేసే యజమాని ఉద్యోగికి మేలు చేయడం లేదు, తన బాధ్యతను ఉద్యోగి నెత్తిన పెడుతున్నాడు. అలాగే వ్యవస్థ మారేదాకా మనసును పట్టించుకోనని పట్టుబట్టే ఉద్యోగి పోగొట్టుకునేది తన నిద్రనే. అక్క సాధన అక్కకు అక్కరకొచ్చింది, ఎందుకంటే ఆమె దాన్ని తానే ఎంచుకుంది. తమ్ముడి అభ్యంతరం న్యాయమైనది, ఎందుకంటే అతని మనుషులకు ఎంచుకునే వీలే ఇవ్వలేదు.

రాయలసీమలోని ఆసుపత్రులకు, ఫ్యాక్టరీలకు, స్కూళ్లకు, బ్యాంకులకు ఒక విన్నపం. ధ్యానం నేర్పే మనిషిని పిలిచే ముందు మీ డ్యూటీ చార్టును ఒకసారి మీ సిబ్బందితో కలిసి చదవండి. ఇక ఉద్యోగులకు చెప్పేది: ఆందోళన రెండు మూడు వారాలు దాటి నిద్రను, తిండిని, పనిని దెబ్బతీస్తుంటే ఊపిరి సాధన ఒక్కదానితో సరిపెట్టుకోకండి, డాక్టరును కలవండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి-మానస్ నంబరు 14416. ఆ ఫోనుకు డబ్బు కట్టక్కర్లేదు, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.